ఊరికే తిరిగే ఇంజను వేడెక్కదు

(కెనడాలోని ఎడ్మంటన్‌లో తెలుగువాళ్ల శీతాకాలపు సమావేశంలో ఒక డీజిల్ మెకానిక్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. మైకు ముందు నిలబడటం నాకు అలవాటు లేదు. బండి కింద పడుకుని మాట్లాడమంటే ఎంతసేపైనా మాట్లాడతాను.

విజయవాడ ఆటోనగర్లో పదకొండేళ్లు లారీల ఇంజన్లు విప్పాను. ఇక్కడికొచ్చాక మళ్లీ పరీక్షలు రాసి రెడ్ సీల్, అంటే కెనడా అంతటా చెల్లే పనివాడి సర్టిఫికెట్, తెచ్చుకున్నాను. మొదటి చలికాలంలో నాకు తెలిసిన పని సగం పనికిరాకుండా పోయింది. మన దగ్గర మెకానిక్ బాధంతా ఇంజను ఎక్కువ వేడెక్కడం గురించే. రేడియేటర్ కారిందా, ఫ్యాను బెల్టు తెగిందా, హెడ్ గాస్కెట్ పోయిందా, ఇదే గోల. ఇంజను వేడెక్కట్లేదు మొర్రో అని ఆటోనగర్‌కు వచ్చినవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు.

పోయిన జనవరిలో మన తమ్ముడొకతను ఫోన్ చేశాడు. ఈ హాల్లోనే ఉన్నాడు, పేరు చెప్పను. (నవ్వులు) డీజిల్ పికప్, ఆటోమేటిక్, కొత్తగా కొన్నాడు. ఆ రోజు మైనస్ 34. తెల్లవారుజామున అయిదింటికి లేచి, రిమోట్‌తో కాకుండా తాళం పెట్టి స్టార్ట్ చేసి, లోపలికెళ్లి స్నానం చేసి, టిఫిన్ తిని, ఆరున్నరకు బండెక్కాడు. గంటన్నర. లోపల ఇంకా చలే. హీటర్‌లోంచి చల్లగాలి. టెంపరేచర్ ముల్లు కింద నుంచి కాస్త లేచి అక్కడే ఆగిపోయింది. "అన్నా, థర్మోస్టాట్ పోయిందా? షోరూమ్‌కి తీసుకెళ్లనా?" అని టెన్షన్. ఏమీ పోలేదు తమ్ముడూ, డీజిల్ ఇంజను ఉన్నదే అంత అన్నాను. అతను నమ్మలేదు. ఫోన్లో పూర్తిగా చెప్పలేకపోయాను, అందుకే ఇవాళ చెబుతున్నాను.

పెట్రోల్ కారు నడిపిన అలవాటుతో డీజిల్ కొంటే ఈ పొరపాటు జరుగుతుంది. పెట్రోల్ ఇంజనులో గాలి దారికి ఒక తలుపు ఉంటుంది, థ్రాటిల్ అంటారు. స్లోలో, అంటే బండి నిలబడి ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు, ఆ తలుపు దాదాపు మూసుకునే ఉంటుంది. కొంచెమే గాలి, దానికి తగ్గ పెట్రోలు. డీజిల్ పద్ధతి వేరు. గాలిని ఆపేది ఉండదు, ఉన్నా ఆ పని కోసం కాదు. ఇంజను ఎంత మింగగలిగితే అంత గాలి మింగుతుంది. స్పీడును డీజిల్ కొలతతోనే పెంచుతాం, తగ్గిస్తాం.

ఇప్పుడు లెక్క చూడండి. ఇక్కడ చాలామంది దగ్గరున్నది 6.7 లీటర్ల ఇంజను. స్లోలో నిమిషానికి సుమారు 700 చుట్లు తిరుగుతుంది. రెండు చుట్లకొకసారి ఇంజను నిండా గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి రెండు వేల లీటర్ల పైన గాలి. ఆ రోజు ఆ గాలంతా మైనస్ 34. మరి లోపల మండేది? గంటకు లీటరున్నర, మహా అయితే రెండు లీటర్ల డీజిల్. పెళ్లి పందిట్లో గాడిపొయ్యి మీద పెద్ద డేగిశా ఎక్కించి, అడుగున అగరొత్తి వెలిగించినట్టు. పైగా బయట నాలుగొందల కిలోల ఇనుము నుంచి గాలి వేడిని లాగేస్తూనే ఉంటుంది. అందులోంచి క్యాబిన్ హీటర్ ఫ్యానును ఫుల్లులో పెడితే మిగిలినది కూడా అదే తినేస్తుంది. వేడెక్కిన ఇంజనును ఇంత చలిలో స్లోలో వదిలేస్తే మెల్లగా చల్లారిపోతుంది కూడా. నమ్మకపోతే రేపు ముల్లు చూస్తూ కూర్చోండి.

"పోనీలే అన్నా, వేడెక్కకపోతే ఎక్కకపోయింది, తిరుగుతూనే ఉంది కదా, నష్టమేముంది?" అని ఆ తమ్ముడు అడిగాడు. నష్టం ఉంది. అది ఆ రోజు కనబడదు.

సిలిండర్ గోడ చల్లగా ఉంటే నాజిల్ కొట్టిన డీజిల్ అంతా మండదు. కొంత తెల్ల పొగగా బయటికి పోతుంది. కళ్లు మండే ఆ వాసన మీకు తెలుసు. కొంత గోడకు అంటుకుని, అక్కడున్న ఆయిల్ పొరను కడిగేసి, రింగుల పక్కనుంచి జారి కింద ఆయిల్ చాంబర్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గలేదు, పైగా పెరిగిందని సంబరపడే వాళ్లను చూశాను. పెరిగింది ఆయిల్ కాదు బాబూ, డీజిల్. రింగుల గాడుల్లో మసి పేరుకుంటుంది. సైలెన్సర్ దాకా నల్లగా, జిడ్డుగా తడి పడుతుంది. ఇక్కడి మెకానిక్‌లు దీన్ని వెట్ స్టాకింగ్ అంటారు. జనరేటర్లు బాగుచేసే వాళ్లకు బాగా తెలిసిన జబ్బు, లోడు లేకుండా గంటలు గంటలు నడిపితే వస్తుంది.

ఇప్పటి బండ్లలో దీనికి తోడు పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఒకటి, డీపీఎఫ్. అందులో చేరిన మసి కాలిపోవాలంటే ఆరొందల డిగ్రీల దగ్గర వేడి కావాలి. స్లోలో తిరిగే ఇంజను పొగకు అంత వేడి ఎక్కడిది? మసి చేరుతూ పోతుందే కానీ కాలదు. రోజూ గంటన్నర స్లోలో పెట్టి, పది నిమిషాల దూరంలో ఉన్న ఆఫీసుకు పోయి వచ్చేవాడి బండిలో ఆ ఫిల్టరు నిండక ఏమవుతుంది? కొత్త ఫిల్టరు ధర నేను చెప్పను, ఇవాళ పండగ పూట.

మరి ఆటోనగర్లో మా గురువుగారు పొద్దున్నే లారీ స్టార్ట్ చేసి, బీడీ ముట్టించి, అది అయిపోయేదాకా స్లోలో ఉంచేవాడు. ఆయన చేసింది తప్పా? కాదు. బీడీ అయిదు నిమిషాలు. విజయవాడలో జనవరి తెల్లవారుజాము కూడా పదిహేను, పదహారు డిగ్రీలు ఉంటుంది. పాత ఇంజను, ఫిల్టర్లూ సెన్సర్లూ ఏమీ లేవు. లంబసింగి పైకెక్కినా సున్నా దగ్గర ఆగిపోతుంది. మనం ఇక్కడ మాట్లాడేది దానికి ముప్పై, నలభై డిగ్రీల కింద.

స్టార్టింగ్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే "ఆపితే మళ్లీ స్టార్ట్ కాదేమో" అన్న భయంతోనే చాలామంది ఆపరు. డీజిల్‌కు స్పార్క్ ప్లగ్గు లేదు. గాలిని పదహారు, పదిహేడు రెట్లు నొక్కితే ఆ నొక్కుడుకే వేడెక్కి డీజిల్ అంటుకుంటుంది. కాగితం మీద లెక్క వేస్తే, 30 డిగ్రీల గాలి నొక్కినప్పుడు అయిదొందలు దాటుతుంది. అదే మైనస్ 35 గాలయితే మూడొందల డెబ్బై దగ్గర ఆగుతుంది. ఆ మూడొందల డెబ్బై కూడా కాగితం మీదే. నిజంలో చల్లటి గోడలు సగంలోనే వేడి లాగేస్తాయి, చిక్కబడ్డ ఆయిల్‌లో సెల్ఫ్ మోటారు ఈడ్చుకుంటూ తిప్పుతుంది, రింగుల సందుల్లోంచి గాలి జారిపోతుంది. బ్యాటరీ కూడా ఆ చలికి నీరసపడిపోతుంది. డీజిల్ పికప్‌లకు రెండేసి బ్యాటరీలు పెట్టింది అందుకే.

అందుకని హీటర్ ప్లగ్గులు. ఇక్కడ గ్లో ప్లగ్గులంటారు. ఫోర్డు ఇంజన్లలో, జీఎం వాళ్ల డ్యూరామ్యాక్స్ ఇంజన్లలో సిలిండర్‌కొకటి ఉంటుంది. రామ్ పికప్‌లలో వచ్చే కమిన్స్ ఇంజన్లలో, 2025కు ముందటి వాటిలో, అవి లేవు, గాలి వచ్చే దారిలో పెద్ద హీటర్ జాలీ ఒకటి ఉంటుంది. ఏదైనా సరే, డాష్‌బోర్డు మీద చుట్టలు తిరిగిన తీగ బొమ్మ ఆరేదాకా ఆగి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. ఇంత చలిలో ఆరాక ఇంకోసారి తాళం ఆపి, మళ్లీ ఆన్ చేసి, రెండోసారి కూడా ఆరనిచ్చి కొడితే ఇంకా నయం. నాకైతే అదే అలవాటు.

అన్నిటికన్నా మేలైనది మాత్రం బండి మూతి నుంచి వేలాడే ఆ వైరు. ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు కార్ల ముందు ప్లగ్గులు వేలాడుతుంటే ఎలక్ట్రిక్ కార్లు ఇన్ని ఉన్నాయా అనుకున్నాను. (నవ్వులు) బ్లాక్ హీటర్ అది. 1940లలో నార్త్ డకోటాలో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన తయారుచేసిన హీటరుతో ఈ అలవాటు అక్కడ పాకింది. నార్త్ డకోటా చలి ఎలా ఉంటుందో తెలిసినవాడికే ఆ ఆలోచన వస్తుంది. ఇంజను బ్లాకులో నీళ్లు తిరిగే చోట ఒక కాయిల్, అంతే. మన ఇళ్లలో బకెట్లో వేసే నీళ్ల హీటరుకు అన్న.

రాత్రంతా పెట్టక్కర్లేదు. బయలుదేరడానికి మూడు, నాలుగు గంటల ముందు ఆన్ అయ్యేలా టైమర్ పెట్టండి. పికప్‌లో 750 నుంచి 1,500 వాట్ల దాకా ఉంటాయి. వెయ్యి వాట్లదయితే మూడు గంటలకు మూడు యూనిట్లు. ఆ తమ్ముడు గంటన్నరలో తగలేసిన డీజిల్‌తో పోల్చుకోండి. ప్లగ్గు పెట్టిన బండి సెల్ఫ్ తగలగానే లేస్తుంది, రెండు మూడు నిమిషాల్లో క్యాబిన్లోకి కాస్త గోరువెచ్చని గాలి వస్తుంది. ఒక్క జాగ్రత్త, ఎక్స్‌టెన్షన్ వైరు సన్నది వాడకండి. బయట వాడే లావుపాటిదే కొనండి. సన్నవైరు ప్లగ్గు దగ్గర కరిగిపోయినవి నా టూల్ బాక్సులో గుర్తుగా దాచుకున్నాను, మూడున్నాయి.

ఇక ఆటోమేటిక్ సంగతి. ఇక్కడే ఎక్కువ మంది పప్పులో కాలేస్తారు.

ఇంజను వేడెక్కితే బండి వేడెక్కినట్టే అనుకుంటాం. గేర్ బాక్సు? అది కూడా రాత్రంతా మైనస్ 34లోనే పడుకుంది. అందులో పది, పదిహేను లీటర్ల ఆయిల్ తేనెలా చిక్కబడి ఉంది. ఆటోమేటిక్‌లో గేర్లు పట్టించేది, వదిలించేది ఆ ఆయిల్ ఒత్తిడే. అది కదలకపోతే ఏదీ కదలదు. గేరు పార్క్‌లో పెట్టి గంట ఉంచితే ఇంజను నీళ్ల నుంచి దానికి కొంచెం వేడి అందుతుందేమో, అది కూడా నీళ్లకే వేడి ఉన్నప్పుడు.

ఆటోమేటిక్ ఆయిల్ వేడెక్కేది టార్క్ కన్వర్టర్‌లో. ఇంజను వైపు ఒక రెక్కల చక్రం, గేర్ బాక్సు వైపు ఇంకొకటి, మధ్యలో ఆయిల్. ఇటు చక్రం ఆయిల్‌ను విసిరికొడితే అటు చక్రం తిరుగుతుంది. రెండింటి వేగాల్లో తేడా ఉన్నప్పుడే ఆయిల్ చిలకబడి వేడెక్కుతుంది. పార్క్‌లో అటు చక్రానికి ఏ బరువూ లేదు, ఇటుదానితో పాటే హాయిగా తిరుగుతుంది. చిలికేదేముంది? బండి కదిలి, బరువు లాగడం మొదలుపెట్టాకే ఆ ఆయిల్‌కు వేడి పుడుతుంది.

(ప్రేక్షకుల్లోంచి: "న్యూట్రల్‌లో పెడితే త్వరగా వేడెక్కుతుందంటారు, నిజమేనా?")

మంచి ప్రశ్న. అన్ని బండ్లకూ కాదు. పాత డాడ్జ్ డీజిల్ పికప్‌లు, అంటే కమిన్స్ ఇంజనుకు నాలుగు గేర్ల ఆటోమేటిక్ తగిలించినవి, వాటిలో పార్క్‌లో ఉంటే కన్వర్టర్‌కు ఆయిల్ అందదు. నాలుగు రోజులు కదలకుండా పడున్న బండిలో కన్వర్టర్‌లోని ఆయిల్ కొంత కిందికి దిగిపోతుంది. స్టార్ట్ చేసి వెంటనే డ్రైవ్‌లో వేస్తే రెండు మూడు సెకన్లు ఏమీ జరగదు, తర్వాత ధడేల్‌మని పట్టుకుంటుంది. అలాంటి బండి ఉన్నవాళ్లు హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, డ్రైవర్ సీట్లోనే కూర్చుని, అర నిమిషం, నిమిషం న్యూట్రల్‌లో ఉంచి కదలండి. సీట్లో కూర్చుని అని రెండోసారి చెబుతున్నాను. న్యూట్రల్‌లో వదిలి ఇంట్లోకి పోయి కాఫీ తాగుతానంటే, మంచు మీద బండి మీకన్నా ముందు ఆఫీసుకు పోతుంది.

ఇంకో పద్ధతి కూడా విన్నాను. డ్రైవ్‌లో వేసి, బ్రేకు తొక్కి పట్టుకుని, యాక్సిలేటర్ కొంచెం నొక్కడం. ఆయిల్ వేడెక్కడం నిజమే, కానీ ఆ వేడంతా కన్వర్టర్‌లో ఒక్కచోటే. కింద మంచు గడ్డ ఉంటే చక్రాలు లాక్ అయ్యి కూడా బండి జారుతుంది. ముందు గ్యారేజ్ తలుపు ఉంటుంది. చేయొద్దు.

చేయాల్సింది హై ఐడిల్. స్లోను 700 నుంచి వెయ్యి, పన్నెండొందలకు పెంచడం. ఫోర్డులో, రామ్‌లో ఆ సౌకర్యం ఉంటుంది. కొన్నింటిలో చలి చూసి దానంతటదే పెరుగుతుంది, కొన్నింటిలో స్విచ్చు పెట్టించుకోవాలి లేదా సాఫ్ట్‌వేర్‌లో ఆన్ చేయించుకోవాలి. ఆటోమేటిక్ బండి పార్క్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. బ్రేకు పెడల్ తొక్కగానే స్పీడు మామూలు స్లోకు పడిపోతుంది. అది లోపం కాదు, జాగ్రత్త కోసం. పన్నెండొందల మీద తిరుగుతుండగా గేరు పడితే క్లచ్ ప్లేట్ల మీద దెబ్బ పడుతుంది మరి.

స్పీడు పెంచితే సరిపోదు, కాస్త బరువు కూడా పడాలి. రామ్ బండ్లలో ఎగ్జాస్ట్ బ్రేకు బటన్ నొక్కి నిలబెట్టి ఉంచితే అది టర్బో దగ్గర పొగదారిని ఇరుకు చేస్తుంది. ఇంజను ఆ పొగను నెట్టడానికి కష్టపడాలి, అందుకు ఎక్కువ డీజిల్ మండాలి, వేడి వస్తుంది. ఈ సంగతి కంపెనీవాళ్ల పుస్తకంలోనే ఉంది, ఎవరూ తెరవరు. పాత ఫోర్డు 7.3 ఇంజనులో కూడా ఇలాంటి తలుపే ఒకటి చలికి దానంతటదే మూసుకుంటుంది. విమానం లేస్తున్నట్టు హుష్షుమంటుంది. ఆ శబ్దం విని టర్బో పోయిందని పరిగెత్తుకుని వచ్చినవాళ్లున్నారు.

నేనైతే ఇలా చేస్తాను. ప్లగ్గు పెట్టిన బండి స్టార్ట్ చేసి, అద్దాల మీద మంచు గీకేంతసేపు ఉంచుతాను. అయిదు నిమిషాలు, బాగా చలయితే పది. ఆయిల్ ప్రెషర్ నిలబడింది, అద్దం కనబడుతోంది, ఇక బయలుదేరతాను. మొదటి ఎనిమిది, పది కిలోమీటర్లు మెల్లగా. యాక్సిలేటర్ మీద కాలు కాదు, వేలు. ఆ దూరంలో గేర్లు ఆలస్యంగా మారతాయి, పై గేరు పడదు, కన్వర్టర్ లాక్ కాదు, అంటే అందులోని రెండు చక్రాలూ ఒక్కటిగా బిగుసుకోవు. ఆయిల్ వేడెక్కేదాకా కంప్యూటరే వాటిని ఆపి ఉంచుతుంది. "గేర్ బాక్సు పోయింది" అని ప్రతి డిసెంబర్లో నాకు కనీసం రెండు ఫోన్లు వస్తాయి. పావుగంట నడిపి మళ్లీ చేయమంటాను. మళ్లీ చేయరు.

మరి అసలు స్లోలో ఉంచాల్సిన రోజే లేదా అంటే, ఉంది. ప్లగ్గు పెట్టడానికి కరెంటు లేనిచోట, మైనస్ 40లో, ఆపితే ప్రాణం మీదికొచ్చే చోట ఆపకూడదు. అలాస్కాలో డాల్టన్ హైవే అని 414 మైళ్ల రోడ్డు, ఉత్తర కొసన ఉన్న చమురు బావుల దాకా పోతుంది. ఆ దారిలో ప్రాస్పెక్ట్ క్రీక్ అనేచోట 1971 జనవరి 23న మైనస్ 62 నమోదైంది. అక్కడ లారీ ఆపితే మళ్లీ లేవదు. ఆ డ్రైవర్లు ఇంజను ఆపకుండా ఉంచుతారంటే అది అలవాటు కాదు, అవసరం. అలా ఉంచేవాళ్లు కూడా స్పీడు పెంచి ఉంచుతారు, ముందు గ్రిల్లుకు గుడ్డ కవరు కడతారు.

లాంగ్ రూట్ తమ్ముళ్లకు ఒక మాట. రాత్రి క్యాబిన్‌లో పడుకోవడానికి పెద్దింజను తిప్పొద్దు. గంటకు మూడు లీటర్లు తాగుతుంది. సీటు కింద పెట్టే చిన్న డీజిల్ హీటరు, వెబాస్టో, ఎస్పార్ లాంటివి, గంటకు పావు లీటరు కూడా తాగదు. కాలిఫోర్నియా వైపు పోతే అయిదు నిమిషాలు మించి స్లోలో ఉంచితే జరిమానా, అది కూడా గుర్తుంచుకోండి.

డీజిల్ గురించి చెప్పకపోతే సగం చెప్పినట్టే. మన ఇంట్లో చలికాలం కొబ్బరినూనె సీసాలో పేరుకుంటుందే, డీజిల్లో ఉండే మైనం అలాగే పేరుకుంటుంది. ముందు మబ్బు పట్టినట్టవుతుంది, తర్వాత ఫిల్టరుకు అడ్డం పడుతుంది. ఇక్కడి పంపుల్లో చలికాలానికి తగ్గ డీజిలే పోస్తారు, ఆ బాధ లేదు. తంటా అంతా టెక్సాస్‌లో ట్యాంకు నింపుకుని పైకొచ్చేవాళ్లది. నేను పనిచేసిన ఒక యార్డులో అలా వచ్చిన లారీ పొద్దున స్టార్ట్ అయింది, గేటు దాటింది, ఆగిపోయింది. ఫిల్టరు విప్పితే లోపల కొవ్వొత్తి. పైకి రాకముందే డీజిల్ పేరుకోకుండా ఆపే తెల్ల సీసా మందు కలపాలి. పేరుకున్నాక కరిగించడానికి పోసేది ఎర్ర సీసా. అది చివరి మందు. మన లద్దాఖ్‌లో డ్రైవర్లు ట్యాంకు కింద మంట పెట్టి కరిగించేవాళ్లు. 2019 నవంబర్లో ఇండియన్ ఆయిల్ అక్కడికి పానిపట్ రిఫైనరీ నుంచి మైనస్ 33 దాకా గడ్డకట్టని డీజిల్ పంపడం మొదలుపెట్టింది. మీరు మాత్రం ఎక్కడా మంట పెట్టకండి, ప్లీజ్.

ఇప్పటి డీజిల్ బండ్లలో పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే డెఫ్ ద్రవం మైనస్ 11కే గడ్డకడుతుంది. కంగారు పడొద్దు, ట్యాంకులో దానికి హీటరు ఉంటుంది. బండి నడుస్తుంటే అదే కరుగుతుంది. కరగాలని వేడినీళ్లు మాత్రం కలపకండి. నవ్వకండి, కలిపారు.

ఇంటికి అంటుకున్న గ్యారేజీలో, తలుపు తీసి ఉన్నాసరే, బండి నడిపి ఉంచొద్దు. డీజిల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెట్రోల్‌కన్నా తక్కువే, కానీ లేకపోలేదు. పడుకున్న పిల్లల గదులు పైనే ఉంటాయి. రోడ్డు మీద తాళం లోపలే వదిలి స్టార్ట్‌లో ఉంచినా ఇబ్బందే. ఇక్కడి పోలీసులు ఏటా చలికాలం ఆపరేషన్ కోల్డ్ స్టార్ట్ అని తిరిగేది, అలా వదిలిన బండ్లు దొంగలు ఎత్తుకుపోతున్నారనే. రిమోట్ స్టార్టర్ ఉంటే తాళం చేతిలోనే ఉంటుంది, పది, పదిహేను నిమిషాలకు దానంతటదే ఆగిపోతుంది. మన పనికి ఆ పది నిమిషాలు చాలు.

ఆ తమ్ముడు మర్నాడు ప్లగ్గు పెట్టాడట. పొద్దున ఏడింటికి రోడ్డు మీద నుంచే ఫోన్ చేశాడు. "అన్నా, వేడిగాలి వస్తోంది, కానీ ఆ గంటన్నర ఏం చేయాలో తోచట్లేదు" అన్నాడు. పడుకో నాయనా అన్నాను.

ఇంకా ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి. అన్నట్టు, నేను లోపలికొచ్చేముందు పార్కింగ్‌లో తలుపు పక్కనున్న ప్లగ్గుకు నా బండి వైరు తగిలించాను. ఎవరో అది పీకి ఈ స్పీకర్లకు పెట్టుకున్నారట. ఇప్పుడు బయట మైనస్ 27. కాస్త ఎవరైనా వెళ్లి మళ్లీ తగిలిస్తారా?